పిలుపు, పలుకు, విరామం: స్మార్ట్‌ఫోన్ అలవాటుపై ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

స్మార్ట్‌ఫోన్ వాడకాన్ని తగ్గించుకోవడం గురించి జరిగే చర్చ సాధారణంగా వ్యసనం, నిగ్రహం అనే రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. ఫోన్‌ను వదలలేనివాడు బలహీనుడు, వదలగలిగినవాడు దృఢచిత్తుడు అని ఆ చర్చ తేలుస్తుంది. ఈ వ్యాసం ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలిస్తుంది. ఫోన్ మనిషిని సుఖలాలసతో పట్టుకొన్నంత బలంగానూ, పిలిస్తే పలకాలన్న సద్గుణంతోనూ పట్టుకొంటుందని ప్రతిపాదిస్తుంది. భారత సభాపర్వంలోని ద్యూత వృత్తాంతం, భగవద్గీతలోని ఇంద్రియనిగ్రహ విచారం, కఠోపనిషత్తులోని అతిథి ప్రసంగం, తెలుగువారి అవధాన ప్రక్రియ ఈ పరిశీలనకు ఆధారాలు. తెర నుండి విరామం ఒంటరి వ్రతంగా నిలవడం కష్టమనీ, పదిమంది సమ్మతితో ఏర్పడిన మర్యాదగా నిలుస్తుందనీ చూపడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్మార్ట్‌ఫోన్, వ్యసనం, ఉపవాసం, అవధానం, పిలుపు, ఉమ్మడి విరామం.

1. ప్రవేశిక

ఆపిల్ సంస్థ తొలి ఐఫోన్‌ను 2007లో విడుదల చేసింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత భారతదేశంలో డేటా ధరలు బాగా పడిపోయాయి. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు పాఠం కూడా ఫోన్‌లోకి వచ్చింది. పదిహేనేళ్లు నిండకముందే, మాట్లాడుకోవడానికి పుట్టిన ఒక పరికరం ఉత్తరంగా, బ్యాంకుగా, తరగతి గదిగా, సినిమాహాలుగా, హాజరుపట్టీగా మారింది. ఇంత త్వరగా ఇన్ని పనులకు ఆధారమైన వస్తువు మరొకటి చూపడం కష్టం.

ఈ మార్పు వెంటనే ఒక ఆందోళన కూడా వచ్చింది. ‘తెర నుండి విరామం’, ‘డిజిటల్ ఉపవాసం’ వంటి మాటలు ఉపన్యాసాలలోనూ పత్రికలలోనూ తరచుగా వినిపిస్తున్నాయి. ఈ మాటలు చెప్పేవారు సాధారణంగా చూపే కారణం కాలహరణం. అయితే ఆ కారణం నైతిక విచారానికి చాలదు. అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకొన్నవారూ కాలాన్ని ఖర్చు చేసినవారే. వారిని ఎవరూ దోషులుగా చూడలేదు. కాలం గడవడం దోషమైతే విశ్రాంతి అంతా దోషమే అవుతుంది. అందువల్ల ప్రశ్నను వేరుగా వేసుకోవాలి. ఫోన్‌లో పోయేది ఏమిటి? అది ఎవరికి చెందవలసినది? దానిని తిరిగి తెచ్చే బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి పరిధి.

2. వ్యసనం అనే మాట, దాని పరిమితులు

ఫోన్ అలవాటుకు తెలుగులో వెంటనే తగిలించే పేరు వ్యసనం. ఈ మాటకు దీర్ఘమైన చరిత్ర ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఎనిమిదవ అధికరణం వ్యసనాలకే కేటాయించబడింది. మనిషిని శ్రేయస్సు నుండి దూరంగా విసరివేసేది వ్యసనమని కౌటిల్యుని నిర్వచనం. కామం వల్ల పుట్టేవి వేట, జూదం, స్త్రీలోలత, పానం అని నాలుగు. కోపం వల్ల పుట్టేవి వాక్పారుష్యం, అర్థదూషణం, దండపారుష్యం అని మూడు. సప్తవ్యసనాలుగా తెలుగు పాఠకులకు పరిచితమైనవి ఇవే. ఇదే మాటకు ఆపద, దుఃఖం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు అని కావ్యభాషలో వాడుక. దురలవాటు, దాని ఫలమైన దుఃఖం రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండడం గమనింపదగిన విషయం.

ఈ వ్యసనాలను రాజనీతి గ్రంథాలు చర్చించడానికి కారణం ఉంది. రాజు వేటలో మునిగితే నష్టం రాజుకు మాత్రమే కాదు, ఫిర్యాదుతో వాకిట నిలిచిన ప్రజకు. అంటే వ్యసనంలోని దోషం అనుభవించేవాడి సుఖంలో లేదు; అతని కోసం ఎదురుచూస్తున్నవాడి నష్టంలో ఉంది. ఫోన్ విచారానికి ఈ దృష్టి ఎంతో ఉపకరిస్తుంది.

అయినా ఆ మాట ఇక్కడ పూర్తిగా అతకదు. మొదటి కారణం, సప్తవ్యసనాలను మనిషి సంపూర్ణంగా విడిచిపెట్టవచ్చు. జూదం లేకుండా, వేట లేకుండా జీవితం సాగుతుంది. ఫోన్ విషయంలో ఇది చాలామందికి సాధ్యం కాదు. ఈ పోలికలో అది మద్యం కంటే అన్నానికి దగ్గరగా ఉంటుంది. మానడం కుదరదు, మితం నేర్చుకోవాలి. రెండవ కారణం వైద్యపరమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పు వీడియో ఆటల రుగ్మతను గుర్తించింది. స్మార్ట్‌ఫోన్ వ్యసనం పేరుతో ప్రత్యేక వ్యాధిని చేర్చలేదు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 2014 నుండి సాంకేతిక పరికరాల ఆరోగ్యకర వినియోగం కోసం ఒక ప్రత్యేక చికిత్సాకేంద్రం నడుస్తోంది. చికిత్స అవసరమైనవారు నిజంగా ఉన్నారు. అయితే ప్రతి అలవాటునూ వ్యసనమని పిలిస్తే వారి బాధ తేలికైపోతుంది. చికిత్స అవసరం లేనివారికి ‘ఇది రోగం, చేయగలిగింది లేదు’ అని తప్పించుకొనే దారి దొరుకుతుంది.

3. ఉపవాసం, మిగిలిన రుచి

వ్యసనానికి విరుగుడుగా సూచించేది ఉపవాసం. ఒక ఆదివారం ఫోన్‌ను బీరువాలో పెట్టడం, వారం రోజులు సామాజిక మాధ్యమాలకు దూరంగా ఉండడం వంటివి ఈ కోవలోనివి. వీటి ఫలితాన్ని భగవద్గీత రెండవ అధ్యాయం ముందుగానే పరిశీలించినట్లు కనిపిస్తుంది. ఆహారం మానినవాడి నుండి విషయాలు తొలగిపోతాయి, కాని వాటి మీది రుచి తొలగదు. అంతకంటె ఉన్నతమైనదాన్ని చూచినప్పుడే ఆ రుచి కూడా పోతుందని అక్కడి భావం. మూడవ అధ్యాయం మరొక అడుగు వేస్తుంది. కర్మేంద్రియాలను కట్టిపెట్టి మనసులో విషయాలనే స్మరించేవాడిని మిథ్యాచారుడంటుంది. ఏకాదశి నాడు పస్తుండి ద్వాదశి పారణ వంటకాలను తలచుకొనేవాడికీ, ఆదివారం ఫోన్ మాని సోమవారం ఉదయం రెండింతల ఆత్రంతో తెరిచేవాడికీ తేడా లేదు.

ఇంతమాత్రాన ఉపవాసం వ్యర్థమని కాదు. ఆ పదం వ్యుత్పత్తిలోనే దాని అసలు ప్రయోజనం ఉంది. ఉప అంటే సమీపం. వాసం అంటే ఉండడం. ఉపవాసమంటే దేనికో దగ్గరగా ఉండడం. తిండి మానడం దానికి సాధనం మాత్రమే. దగ్గరగా ఉండవలసినదేదో నిర్ణయించుకోకుండా దూరంగా ఉండవలసినదాన్ని మాత్రమే నిర్ణయించుకొన్న ఉపవాసం పస్తు అవుతుంది. ఫోన్ విరామాలు చాలావరకు విఫలం కావడానికి ఇదొక కారణం. విరామం తీసుకొన్న మనిషి తెరకు దూరమయ్యాడు. అతడు ఎవరికి దగ్గరయ్యాడన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ ఖాళీని నింపడానికి పాత రుచి తిరిగి వస్తుంది.

గీత ఆరవ అధ్యాయం అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని చెబుతుంది. యుక్తాహారం అనే ఆ మధ్యమార్గమే ఫోన్‌కూ వర్తిస్తుంది. అయితే ఎంత యుక్తం అన్నది గంటల లెక్కతో తేలదు. దానికి ముందు, మనిషి ఫోన్‌ను పదేపదే ఎందుకు తీస్తాడో చూడాలి.

4. పిలుపుకు పలకడం: ద్యూత వృత్తాంతం

ఫోన్ తీసిన ప్రతిసారీ మనిషి సుఖం కోసమే తీస్తున్నాడనుకోవడం పొరపాటు. అది మోగింది, వణికింది, వెలిగింది; ఎవరో పిలిచారు. పిలిస్తే పలకాలి. ‘పిలిస్తే పలికే దైవం’ అని దేవుణ్ణి కీర్తించే భాషలో, పిలిచినా పలకనివాడు గర్విష్ఠుడో నిర్దయుడో అవుతాడు. 2014 నవంబరులో వాట్సాప్ సందేశాన్ని చదివినట్లు తెలిపే నీలి టిక్కులను ప్రవేశపెట్టింది. ఉత్తరాల కాలంలో మౌనానికి వంద కారణాలు ఊహించవచ్చు. ఉత్తరం అందలేదేమో, ఊళ్లో లేరేమో. నీలి టిక్కుల తరువాత మౌనానికి ఒకటే అర్థం మిగిలింది: చూశారు, పలకలేదు. ఒక చిన్న గుర్తు మౌనాన్ని అవమానంగా మార్చింది. దానితో జవాబు చెప్పడం సౌకర్యం స్థాయి నుండి విధి స్థాయికి చేరింది.

సద్గుణమే ఉచ్చుగా మారిన సందర్భాన్ని నన్నయ తెనిగించిన సభాపర్వంలో తెలుగు పాఠకులు ఎరుగుదురు. ధృతరాష్ట్రుని మాటగా విదురుడు జూదానికి పిలుపు తెస్తాడు. జూదం కలహానికి మూలమని ధర్మరాజుకు తెలుసు. హస్తినలో మాయాజూదరులు ఉన్నారనీ తెలుసు. అయినా పెద్దల ఆజ్ఞను కాదనరాదు, పిలిచినప్పుడు వెనుదీయరాదు అనే నియమాలకు కట్టుబడి వెళతాడు. సర్వస్వం ఓడి, ద్రౌపదికి ధృతరాష్ట్రుడిచ్చిన వరాల వల్ల విముక్తుడై, ఇంద్రప్రస్థానికి తిరిగిపోతూ ఉండగా మళ్లీ పిలుపు వస్తుంది. మళ్లీ వెళతాడు. ఈ రెండవ ద్యూతమే పన్నెండేళ్ల అరణ్యవాసానికి, ఒక ఏడాది అజ్ఞాతవాసానికి దారితీసింది.

ఈ వృత్తాంతంలో నాలుగు అంశాలు ప్రస్తుత విషయానికి సంబంధించినవి. మొదటిది, ధర్మరాజులో జ్ఞానలోపం లేదు. ఫోన్ వల్ల నష్టాలను మరింతగా బోధిస్తే చాలుననే ఉపదేశకులు దీనిని గమనించాలి. రెండవది, అతణ్ణి ఈడ్చినదానిలో జూదంపై మక్కువ ఎంత ఉన్నా, మాట తప్పని తనం కూడా అంతే ఉంది. మూడవది, ఎదుటిపక్షం ఆ నియమాన్ని ముందే ఎరిగి పాచికలు సిద్ధం చేసింది. నాలుగవది, అది నిండుసభలో జరిగింది. తన్ను తాను ఓడినవాడికి మరొకరిని పణంగా ఒడ్డే హక్కు ఉందా అని ద్రౌపది అడిగినప్పుడు సభ తేల్చి చెప్పలేదు. విదురుడు, వికర్ణుడు తప్ప గట్టిగా మాట్లాడినవారు లేరు.

ద్రౌపది ప్రశ్న నేటి ఇంటికీ చెందినదే. తన దృష్టిని ముందుగా తెరకు ఓడిన తండ్రి, బిడ్డ బాల్యంలోని సాయంత్రాలను కూడా ఆ తరువాత పణంగా పెడుతున్నాడు. ఆ సాయంత్రాలు అతని ఒక్కడివి కావు. అయితే ధర్మరాజు దోషం పిలుపుకు పలకడంలో లేదు. పిలిచినదెవరు, ఎందుకు పిలిచారు అని విచారించకుండా పలకడంలో ఉంది. సద్గుణానికి వివేకం తోడు లేకపోతే అది ఎదుటివారి చేతిలో పరికరమవుతుంది.

5. మంగళం లేని కథ

పిలిచినదెవరని విచారిస్తే ఫోన్ పిలుపులలో ఎక్కువభాగం మనుషులవి కావని తేలుతుంది. రాయితీ ప్రకటన, ఆట గుర్తుచేసే గంట, పరిచయం లేనివారి చిత్రానికి వచ్చిన స్పందన: వీటిని పంపేది యంత్రం. అయినా అవి వచ్చేది తల్లి సందేశం వచ్చిన శబ్దంతోనే. యంత్రం మనిషి గొంతు పెట్టుకొని పిలవడమే ఇక్కడి మాయాపాచిక.

ఈ పాచికల తయారీకి తెలిసిన చరిత్ర ఉంది. క్రమం లేకుండా, ఎప్పుడు వస్తుందో తెలియకుండా దొరికే బహుమానం ప్రాణిచేత ఒకే పనిని విసుగులేకుండా చేయిస్తుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ పావురాలపై జరిపిన ప్రయోగాల ద్వారా 1957లో ప్రకటించారు. జూదయంత్రం పనిచేసే తీరు ఇదే. తెరను వేలితో లాగి కొత్తగా ఏం వచ్చిందో చూడడం కూడా ఇదే. 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త పేజీ చివర అనేది లేకుండా కిందికి జారుతూనే ఉండే పద్ధతిని రూపొందించాడు. అది మనుషుల కాలాన్ని ఎలా హరించిందో చూచి తరువాత బహిరంగంగానే పశ్చాత్తాపం ప్రకటించాడు.

అంతం లేకపోవడం ఎంత పెద్ద మార్పో తెలుగు కళారూపాలతో పోల్చి చూస్తే తెలుస్తుంది. హరికథకు మంగళం ఉంది. పాత సినిమాకు ‘శుభం’ అనే అట్ట ఉంది. వారపత్రికలోని ధారావాహికకు ‘సశేషం’ ఉంది. ఎంత ఆసక్తి ఉన్నా ఆ మాట దగ్గర పాఠకుడు పత్రిక మడిచి లేవవలసిందే. ఈ హద్దులు శ్రోత నిగ్రహం మీద ఆధారపడలేదు. కళారూపమే వాటిని సమకూర్చింది. ముగింపు పాడడం కథకుడి బాధ్యత. ఆ బాధ్యతను తెర విడిచిపెట్టి, ఆ బరువునంతా చూపరి సంకల్పం మీద మోపింది. ఎప్పుడు లేవాలో ప్రతి క్షణమూ నిర్ణయించుకోవలసి వచ్చినవాడు అలసిపోవడంలో ఆశ్చర్యం లేదు. అతని అలసటను దుర్బలత్వమని నిందించడం న్యాయం కాదు.

సమాచారం పెరిగినకొద్దీ దానిని గ్రహించే దృష్టి కరువవుతుందని హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. ఇప్పుడు ఆ కరువే ఒక వ్యాపారానికి పెట్టుబడి. చూపరి లేచిపోకుండా ఉండడంలో లాభమున్నవారు కథ చెబుతున్నప్పుడు మంగళం వినిపించదు.

6. అవధానం: హద్దు ఉన్న అంతరాయం

ఫోన్‌లో పోయేది కాలం కాదనీ, దృష్టి అనీ ఇంతవరకు జరిగిన చర్చ సూచిస్తుంది. దృష్టికి తెలుగు సాహిత్యంలో గంభీరమైన పేరు అవధానం. ఏకాగ్రత అనే ఈ అర్థం నుండే అవధాన ప్రక్రియకు ఆ పేరు వచ్చింది. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా ప్రచారం చేశారు. అంతరాయాలు లేనిచోట ఏకాగ్రత నిలుస్తుందన్న సామాన్య భావనను ఈ ప్రక్రియ సవాలు చేయడం విశేషం.

అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన వంటి అంశాలతో పాటు అప్రస్తుత ప్రసంగం ఉంటుంది. పద్యం అల్లుకొంటున్న అవధానిని సంబంధం లేని ప్రశ్నలతో చెదరగొట్టడమే ఆ పృచ్ఛకుని పని. కొన్ని సభలలో ఘంటాగణనం కూడా ఉంటుంది. మధ్యమధ్య మోగే గంటలను అవధాని లెక్కపెట్టుకోవాలి. గంట మోగడం, అసందర్భంగా పిలవడం అంటే నేటి పరిభాషలో నోటిఫికేషన్లే. అయినా అవధాని చెదరడు. చివరకు ధారణలో పద్యాలన్నిటినీ వరుసగా అప్పజెబుతాడు.

ఇది అవధాని ప్రజ్ఞ అనడం నిజమే, కాని పూర్తి నిజం కాదు. అప్రస్తుత ప్రసంగికి ముఖం ఉంది. అతడు సభలో ఎదురుగా కూర్చుంటాడు. అతని చతురతకు హద్దు ఉంది. దానిని సభ కాపాడుతుంది. పృచ్ఛకుల సంఖ్య ముందే తెలుసు. అన్నిటికంటె ముఖ్యంగా, అవధానం పూర్తికావాలని అతడూ కోరుకొంటాడు. ధారణ జరగకపోతే అతని ప్రశ్నకూ శోభ లేదు. ఫోన్‌లోని పృచ్ఛకులకు లెక్క లేదు, ముఖం లేదు. ధారణ జరగాలన్న కోరిక అసలే లేదు. మనిషి మనసు అంతరాయాన్ని భరించగలదు. హద్దు లేని అంతరాయాన్ని భరించలేదు. కాబట్టి విరామం కోరడమంటే గంటలు లేని లోకాన్ని కోరడం కాదు. గంటకు హద్దునూ, సభకు నియమాన్నీ కోరడం.

7. గుమ్మంలోని అతిథి

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. అతిథిని దేవునిగా భావించాలని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి. చెప్పకుండా వచ్చే ప్రతి పిలుపూ అతిథే కదా, దానిని తిరస్కరించడం ధర్మమా?

కఠోపనిషత్తులోని నచికేతుని కథ ఈ ఆక్షేపణకు సమాధానమిస్తుంది. తండ్రి మాట మేరకు యముని ఇంటికి వెళ్లిన బాలుడు మూడు రాత్రులు నిరాహారంగా ఎదురుచూస్తాడు. ఇంటి యజమాని లేడు. తిరిగి వచ్చిన యముడు ఆ లోపాన్ని చిన్నదిగా తీసుకోలేదు. రాత్రికొకటిగా మూడు వరాలిచ్చి ప్రాయశ్చిత్తం చేసుకొన్నాడు. ఈ కథలో అతిథి అంటే ఆకలితో, శరీరంతో గుమ్మంలో ఉన్నవాడు. దూరపు పిలుపులు ఎన్ని ఉన్నా, ముందుగా చెల్లించవలసిన ఋణం గుమ్మంలోని వానిది.

యముడు ఊళ్లో లేడు కనుక అతనికి సాకు ఉంది. నేటి యజమాని ఇంట్లోనే ఉన్నాడు, నచికేతుడు అతని ఎదుటే ఉన్నాడు. బడిలో జరిగింది చెప్పాలని వచ్చిన పిల్లవాడు ‘ఊ’ అనే శబ్దం విని, ఆ ‘ఊ’ తనకు కాదని గ్రహించి తిరిగిపోతాడు. కొడుకుతో మాట్లాడాలని వచ్చిన వృద్ధురాలు అతని ముఖం మీద తెర వెలుగు చూచి, తరువాత చెప్పవచ్చులే అనుకొంటుంది. వారిద్దరూ ఫిర్యాదు చేయరు. రాజు వేటలో ఉండగా వాకిట నిలిచిన ప్రజ వీరే. ఇతరుల పట్ల పూర్తి దృష్టి నిలపడమే అత్యంత అరుదైన, నిర్మలమైన ఔదార్యమని ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వేయ్ 1942లో రాసిన ఒక లేఖలో పేర్కొన్నది. ఆ ఔదార్యానికి డబ్బు అక్కరలేదు. అయినా ఎదుట ఉన్నవారికి అది దొరకడం లేదు.

8. విడువలేనివారి ప్రశ్న

తెరను విడవడం గురించిన ఉపదేశాలలో ఒక వర్గదృష్టి దాగి ఉంటుంది. ఫోన్ ఆపివేసే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదు. ఆహారం చేరవేసే యువకుడికి ఫోన్ మోగకపోతే ఆ పూట కూలి లేదు. అంగన్‌వాడీ కార్యకర్త 2021 నుండి పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నమోదు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ప్రభుత్వ ఉపాధ్యాయుల హాజరును ముఖగుర్తింపు యాప్ ద్వారా సొంత ఫోన్లలో నమోదు చేయమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. గల్ఫ్‌లో పనిచేసే భర్త గొంతు కోసం రాత్రివేళ మేలుకొని ఉండే కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల స్త్రీలకు, అమెరికాలో ఉన్న మనుమణ్ణి తెర మీదనే పెరుగుతుండగా చూచే అమ్మమ్మలకు తెర గవాక్షం. వారికి దానిని మూసివేయమని చెప్పడం క్రూరత్వం.

కనుక తెర అంతా ఒకటే అని తీర్మానించే నీతి అసంపూర్ణమైనది. తెర అవతల ఒక నిర్దిష్టమైన మనిషి ఉండి, ఆ మనిషికి దృష్టి చెందవలసి ఉన్నప్పుడు, అమ్మమ్మ చూపు అవధానమే. తెర అవతల ఎవరూ లేనప్పుడు, చూపును పట్టి ఉంచడమే ప్రయోజనమైనప్పుడు, అది అపహరణ. అలాగే కూలి కోసం ఫోన్‌కు కట్టుబడినవాడి విరామం అతని సంకల్పంలో లేదు. అతనికి పని ఇచ్చేవాడి చేతిలో ఉంది. నిగ్రహబోధ అతనికి చేయడం అనవసరం. దానిని అతని యజమానికి చేయాలి.

9. ఉమ్మడి విరామం

పిలుపు ఇద్దరి మధ్య ఏర్పడే బంధమైతే, దాని నుండి విరామం కూడా ఇద్దరి సమ్మతితోనే సాధ్యం. గాంధీజీ సోమవారాలు మౌనం పాటించేవారు. అవసరమైతే కాగితం ముక్కల మీద రాసి చూపేవారు. ఆ మౌనం ఎవరినీ నొప్పించలేదు. అది అందరికీ ముందే తెలుసు, వారానికి ఒకరోజు అని దానికి హద్దు ఉంది, అత్యవసరానికి దారి కూడా ఉంది. చెప్పకుండా మాయమైనవాడి మౌనం మాత్రం ఎదుటివారిలో ఆందోళన పుట్టిస్తుంది. ఆ ఆందోళనే అతణ్ణి మళ్లీ ఫోన్ దగ్గరకు లాక్కువస్తుంది.

వ్యక్తి స్థాయిలోని ఈ సూత్రాన్ని ఒక గ్రామం ఆచరించి చూపింది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా వడ్‌గావ్‌లో 2022 ఆగస్టు 14న జరిగిన గ్రామసభ ఒక నిర్ణయం తీసుకొంది. కరోనా తరువాత పిల్లలు బడికి తిరిగి వచ్చినా ఫోన్లను వదలలేకపోవడం దీనికి నేపథ్యం. రోజూ సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది. ఇళ్లలో టీవీలు, ఫోన్లు ఆగుతాయి. 8.30కు మళ్లీ సైరన్ మోగినప్పుడు వాటిని తెరవవచ్చు. గంటన్నర మాత్రమే. ఆ సమయంలో పిల్లలు చదువుకోవడం, ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవడం ఉద్దేశం. ఇక్కడ పిల్లవాడు ఒంటరిగా నిగ్రహించుకోవలసిన పని లేదు. స్నేహితుడి నుండి సందేశం రాదు, ఎందుకంటే స్నేహితుడి ఫోన్ కూడా ఆగి ఉంది. జవాబు చెప్పలేదన్న అపరాధభావం లేదు, ఎందుకంటే అడిగినవారు లేరు. తెర ఇవ్వని మంగళాన్ని గ్రామం సైరన్‌తో పాడుకొంది. మౌనంగా ఉండిపోయిన కురుసభ చేయని పనిని ఒక గ్రామసభ చేసింది.

చట్టాల తీరు కూడా ఇదే దిశలో ఉంది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుండి యాభై మందికి మించిన సిబ్బంది ఉన్న సంస్థలు పనివేళల తరువాత సందేశాల నుండి విడివడే హక్కుపై ఉద్యోగులతో చర్చించవలసి ఉంది. ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో ఇటువంటి హక్కును అమలులోకి తెచ్చింది. భారతదేశంలో సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టం కాలేదు. హక్కు అనే మాట ఇక్కడ కీలకం. పలకకపోవడం హక్కుగా గుర్తింపు పొందినప్పుడే మౌనం మీద పడిన అవమానపు ముద్ర తొలగుతుంది.

ఉమ్మడి నియమం వ్యక్తిస్వేచ్ఛను హరిస్తుందన్న ఆక్షేపణను తేలికగా తీసుకోరాదు. సైరన్ మోగించే అధికారం నిఘా పెట్టే అధికారంగా మారవచ్చు. ముఖ్యంగా యువతుల ఫోన్లను లాక్కోవడానికి పెద్దలకు సాకు కావచ్చు. అందుకే నియమం పెద్దలకూ పిల్లలకూ, పురుషులకూ స్త్రీలకూ ఒకే విధంగా వర్తించాలి, కొద్ది వ్యవధికి పరిమితం కావాలి, అత్యవసరానికి ద్వారం తెరిచి ఉంచాలి. తండ్రి చేతిలో ఫోన్ ఉండగా కూతురి ఫోన్‌ను బీరువాలో పెట్టించే విరామం విరామం కాదు, దండపారుష్యం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలు ఏర్పడుతున్నాయి. ఫోన్ అలవాటులో పోయేది కాలం కంటే ముఖ్యంగా దృష్టి. అది చాలావరకు ఎదుట ఉన్న మనిషికి చెందవలసినది. ఆ దృష్టిని హరించే వ్యవస్థ మనిషి లౌల్యాన్నీ, పిలిస్తే పలకాలన్న అతని మంచితనాన్నీ కలిపి వాడుకొంటోంది. అందువల్ల దోషమంతా వ్యక్తి మీద మోపడం తగదు. అతనికి బాధ్యతే లేదనడమూ తగదు. పిలిచినది మనిషో యంత్రమో, దూరపు పిలుపు ముందో గుమ్మంలోని అతిథి ముందో విచారించుకోవడం వ్యక్తి బాధ్యత. కథకు మంగళం సమకూర్చడం రూపకర్తల బాధ్యత. పలకకుండా ఉండే వేళను మర్యాదగా గుర్తించడం ఇంటి బాధ్యత, పని ఇచ్చేవారి బాధ్యత, సభ బాధ్యత.

ఉపవాసానికి సార్థకత దగ్గరితనంలో ఉందని పదమే చెబుతోంది. సాయంత్రం గంటన్నర ఆగిన ఫోన్ తనంతట తాను ఏ మేలూ చేయదు. ఆ గంటన్నరలో పిల్లవాడు మొదలుపెట్టిన మాటను చివరివరకు వినేవారు ఒకరు దొరికినప్పుడే ఆ విరామానికి అర్థం ఏర్పడుతుంది.